పగులగొట్టుట వినోదమా?

ఆదివారము వచ్చినచో చెన్నపట్టణమున మన పేటల కుర్రవాండ్రు కొందఱు చెత్తదిబ్బలకు పోయి, అచట పడియున్న పాత టెలివిజనులను, రేడియోలను, కంప్యూటరు తెరలను రాళ్లతోను ఇనుపకడ్డీలతోను పగులగొట్టి ఆనందించుచున్నారు. ఈ విషయమును పెద్దల యెదుట ప్రస్తావించినప్పుడెల్ల మాకు లభించు సమాధాన మొక్కటే: “పాఱవేసిన వస్తువే గదా! పిల్లలాట, పోనిండు.” ఈ మాటను మేము అంగీకరింపజాలము.

పగులగొట్టుటలో సంతోషము లేదని మేమనము. పెద్ద శబ్దముతో గాజు బ్రద్దలగుట ఏ బాలునకైనను ఉత్సాహకరమే. కాని ఆ శబ్దమెట్లు పుట్టుచున్నది? పాతకాలపు టెలివిజనులోని పిక్చరుట్యూబు నుండి గాలిని తీసివేసి మూసియుందురు. అది పగిలినంతనే వెలుపలి గాలి ఒక్కుమ్మడిగా లోనికి దూకును. పెంకులు నలుదిక్కుల కెగురును. వానికి మొదట గుఱియగునది రాయి విసరినవాని కన్నే.

ఆ ట్యూబు వెనుకభాగపు గాజులో సీసము కలదు. పెద్ద ట్యూబులో అది కిలోకు పైగా నుండును. పిల్లల మెదడుకు సీసము విషము. హాని చేయని మోతాదు ఇంతయని తెలిసినది ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ట్యూబు చెక్కుచెదరనంతవరకు ఆ సీసము గాజులో బంధింపబడియుండును. పొడియైనచో చేతుల కంటును, వానకు తడిసి నేలలోనికి దిగును. మొబైలు ఫోనుల బ్యాటరీలు చితికినచో నిప్పే అంటుకొనవచ్చును.

ఇక ఆ పెంకులు ఎవరి కాళ్లలో దిగుచున్నవి? ఈ నగరమున పారిశుద్ధ్యపు పని చేయువారిలో తరతరములుగా తెలుగు మాటలాడు కుటుంబములు పెక్కు కలవు. మన సభలలో భాషాభిమానమును గూర్చి గంటలకొలది ఉపన్యసింతుము. మన బిడ్డ నవ్వుచు పగులగొట్టిన గాజును మఱునాటి యుదయమున వట్టిచేతులతో ఏఱునది ఒక తెలుగుతల్లి యైనప్పుడు ఆ యభిమానమునకు అర్థమేమి? తమిళతల్లి యైనను తల్లియే కదా!

తప్పు పిల్లలది మాత్రమే కాదు. 2006 మొదలు 2011 వరకు తమిళనాడు ప్రభుత్వము కోటికి పైగా రంగుల టెలివిజనులను ఉచితముగా పంచినది. అవి ట్యూబు పెట్టెలే. పలుచని తెరలు వచ్చిన పిదప అట్టి పెట్టెలను వీధిలోనికి నెట్టినవారు పెద్దలు. కొత్తది అమ్మి పాతదాని ఊసెత్తని వర్తకులును నిర్దోషులు కారు.

చట్టము లేదందుమా? 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న కేంద్రప్రభుత్వ నిబంధనల ప్రకారము ఇట్టి వ్యర్థములను నమోదైన సంస్థలచే శుద్ధి చేయించు బాధ్యత తయారీదారులపై కలదు. అయినను చట్టము మన గుమ్మమునకు వచ్చి పెట్టెను మోసికొని పోదు. 2022లో ప్రపంచమంతట పోగైన ఈ వ్యర్థము 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందు సక్రమముగా సేకరించి శుద్ధి చేసినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22 పాళ్లు మాత్రమే.

కావున మేము కోరునది ఇది. ప్రతి పేటలోను ఒక తెలుగు వర్తకుడు తన అంగడిలో కొంత చోటిచ్చి పాత సామానులను పగులకుండ స్వీకరించి, నమోదైన సంస్థకు అప్పగింపవలయును. తండ్రులు బిడ్డల చేతిలోని రాయిని మాన్పించి, బ్యాటరీ తీసిన పాత రేడియోను, ఒక స్క్రూడ్రైవరును ఇచ్చి, తామును ప్రక్కన కూర్చుండవలయును. పగులగొట్టుటకు బలము చాలును. విప్పి చూచుటకు బుద్ధి కావలయును. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయము తప్పక చర్చకు రావలయును.