గింజ మీద పెత్తనం ఎవరిది?

శంషాబాద్ అడ్డా మీద పని కోసం నిలబడే కూలీకి ఉక్రెయిన్ గోధుమలతో ఏం సంబంధం? మా సభల్లో యీ ప్రశ్న చాలాసార్లు వచ్చింది. మన దగ్గర గోధుమ పండదు కదా, జొన్నా వరీ కూరగాయలూ పండిన నేల కదా యిది అంటున్నారు. నిజమే. కానీ సంబంధం వుంది. అది ఎట్లా వుందో తెలుసుకోకపోతే మన కూలి డబ్బులు ఎవరి జేబులోకి పోతున్నాయో మనకు తెలియదు.

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దాని కింద సుమారు 5,500 ఎకరాల భూమి వుంది. తర్వాత రింగు రోడ్డు వచ్చింది, వెంచర్లు వచ్చాయి, గోదాములూ హోటళ్ళూ వచ్చాయి. పట్టా వున్నవాడి పేరు పరిహారం కాగితంలో వుంటుంది. ఆ భూమిలో నాట్లు వేసి, కలుపు తీసి, కోతకు పోయి కూలి కింద గింజలు తెచ్చుకున్న మనిషి పేరు ఏ కాగితంలోనూ వుండదు. యివాళ ఆ కుటుంబాలు ప్రతి గింజా కొనుక్కునే తింటున్నాయి. వాళ్ళ పక్క గదుల్లోనే బీహారు నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి పనికి వచ్చిన కూలీలు రొట్టెలు కాల్చుకుంటున్నారు. బియ్యం ధర ఒకరిని కొడితే, గోధుమ పిండి ధర యింకొకరిని కొడుతుంది. యిద్దరూ ఒకే మేస్త్రీ కింద పని చేసేవాళ్ళే.

ప్రపంచంలో ఏటా సుమారు 80 కోట్ల టన్నుల గోధుమ పండుతుంది. అందులో దేశాల సరిహద్దులు దాటి అమ్ముడయ్యేది పావు వంతు మాత్రమే. ఆ పావు వంతు మీద కార్గిల్, బంగీ, ఆర్చర్ డేనియల్స్, లూయీ డ్రేఫస్ వంటి కొద్ది కంపెనీల పట్టు పెద్దది. అమ్మకానికి వచ్చే సరుకు తక్కువ కాబట్టి ఒక్క దేశంలో పంట తగ్గినా, ఒక్క యుద్ధం వచ్చినా ధర ఎగిరిపోతుంది. 2022 ఫిబ్రవరిలో అదే జరిగింది. ప్రపంచ గోధుమ ఎగుమతుల్లో పావు వంతుకు పైగా రష్యా, ఉక్రెయిన్ దేశాలవే. వాటి మధ్య యుద్ధం మొదలుకాగానే ధర ఆకాశానికి అంటింది.

అప్పుడు మన పాలకులు ఏం చేశారు? ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పుకుంటే ప్రపంచానికే తిండి పెడతామని ఏప్రిల్‌లో ప్రధానమంత్రి చెప్పారు. అదే సమయంలో మార్చి నెల ఎండలకు ఉత్తరాదిన గోధుమ కంకి పాలు పోసుకోకముందే ఎండిపోతున్నది. క్వింటాలుకు 2,015 రూపాయల మద్దతు ధర మీద కొంత ఎక్కువ యిచ్చి ప్రైవేటు వ్యాపారులు సరుకు ఎత్తుకుపోయారు. దాంతో అంతకుముందు ఏడాది 433 లక్షల టన్నులున్న ప్రభుత్వ కొనుగోలు 188 లక్షల టన్నులకు పడిపోయింది. నెల తిరిగేసరికి, మే 13న, ఎగుమతులు బందు అన్నారు. అదే నెలలో బీహారు, ఉత్తరప్రదేశ్, కేరళ రాష్ట్రాలకు ఉచిత రేషన్ పథకం కింద రావలసిన గోధుమ ఆపి, దాని బదులు బియ్యం తీసుకోమన్నారు. మన అడ్డాల మీద నిలబడే బీహారు కూలీ యింట్లో ముసలివాళ్ళ రొట్టె అట్లా పోయింది.

మరి గింజలు దాచుకున్న వ్యాపారి సంగతేమిటి? ఎవరి దగ్గర ఎంత నిల్వ వుండాలో పరిమితి పెట్టింది 2023 జూన్‌లో. అంటే పదమూడు నెలల తర్వాత! కిలో 27 రూపాయల 50 పైసలకు 'భారత్ ఆటా' అమ్మటం 2023 నవంబరులో మొదలుపెట్టారు. బండి వెనక పరుగెత్తి ఆ సంచి పట్టుకోవటానికి ఒక పూట కూలి పోగొట్టుకోగలిగిన కూలీలు ఎందరు?

బియ్యం కథ మన యింటి కథే. 2021-22 యాసంగిలో ఉప్పుడు బియ్యం తీసుకోమని కేంద్రం చెప్పింది. మన ఎండలకు యాసంగి వడ్లు పచ్చిబియ్యం ఆడిస్తే నూక అవుతాయని మిల్లు ముఖం చూసిన ప్రతివాడికీ తెలుసు. అయితే వరే వెయ్యొద్దని రాష్ట్రం చెప్పింది. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో ధర్నా చేసి, మర్నాడే కొంటామని మాట మార్చింది. యిద్దరి కొట్లాట మధ్య కొందరు రైతులు మడులు బీడు పెట్టారు, కొందరు 1,960 రూపాయల ధర అందక దళారికి తక్కువకు యిచ్చుకున్నారు. నాటు తగ్గితే ముందు పస్తుండేది నాటు కూలీ. ఆ నష్టం ఏ ప్రభుత్వ లెక్కల్లోనూ ఎక్కలేదు.

తీరా ఏమైంది? గోదాములు నిండిపోయాయన్న పదిహేను నెలలకే, 2023 జూలైలో, దేశంలో బియ్యం చాలవంటూ తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించారు. అమెరికాలో మన తెలుగువాళ్ళు సోనా మసూరి సంచుల కోసం దుకాణాల ముందు బారులు తీరారు. ఆ నిషేధం 2024 సెప్టెంబరు దాకా నడిచింది. 2023 జూన్‌లోనే భారత ఆహార సంస్థ నుంచి రాష్ట్రాలకు అమ్మకం ఆపేశారు. డబ్బు యిచ్చి కొనుక్కుంటామన్న కర్ణాటకకు కూడా లేదన్నారు. 2025 జనవరిలో మళ్ళీ రాష్ట్రాలకూ, ఇథనాల్ ఫ్యాక్టరీలకూ క్వింటాలు 2,250 రూపాయల చొప్పున ఒకే ధర పెట్టారు. పేదవాడి కడుపూ, కారు ట్యాంకీ వాళ్ళకు ఒకటే అన్నమాట!

యిదంతా చూపించి కొందరు పెద్దలు ఒక మాట అంటున్నారు: అసలు ప్రభుత్వం గింజల వ్యాపారంలో వేలు పెట్టటమే తప్పు, మార్కెట్టుకు వదిలెయ్యండి అని. యీ మాట మనం ఒప్పుకోకూడదు. ప్రభుత్వం చెయ్యి పెట్టటం కొత్త కాదు. ఎవరి కోసం పెట్టింది, ఎవరి మెడ మీద పెట్టింది అన్నదే చూడాలి.

నిజాం సర్కారు కూడా లెవీ పేరుతో ధాన్యం వసూలు చేసింది. పేద రైతు గుమ్మి ఊడ్చుకుపోయి, దొరల గాదెలు ముట్టుకోలేదు. తెలంగాణ రైతాంగం తిరగబడటానికి ఆ లెవీ ఒక కారణం. స్వతంత్రం వచ్చాక 1956 నుంచి పి.ఎల్. 480 ఒప్పందం కింద అమెరికా గోధుమ తిన్నాం. 1965, 66 కరువుల్లో ఓడ వస్తేనే రొట్టె. ఓడ కదలాలంటే వాషింగ్టన్‌లో ప్రెసిడెంటు జాన్సన్ దయ తలచాలి. 1965లో భారత ఆహార సంస్థ పుట్టింది. 1973లో ఇందిరాగాంధీ ప్రభుత్వం గోధుమ టోకు వ్యాపారాన్ని చేతిలోకి తీసుకున్నది. క్వింటాలు 76 రూపాయలన్నది. కానీ భూస్వాముల గాదెలూ, వ్యాపారుల కొట్లూ తెరిపించలేకపోయింది. సరుకు చీకటి బజారుకు పోయింది, ఏడాదికే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1983లో మన రాష్ట్రంలో రెండు రూపాయల కిలో బియ్యం పథకం వచ్చింది. జొన్న గట్కతో పూట గడుపుకున్న యిళ్ళలో అన్నం వుడికింది. అది ఎట్లా సాధ్యమైంది? ఒక పక్క ధాన్యం సేకరణ వుంది కాబట్టే, యింకో పక్క చౌకడిపోలో బియ్యం వున్నాయి.

అసలు సంగతి యిక్కడే వుంది. కొనుగోలు కేంద్రమూ, రేషన్ షాపూ ఒకే తాడుకు రెండు కొసలు. 2022లో గోధుమ కొనుగోలు సగానికి పైగా పడిపోగానే రేషన్‌లో గోధుమ మాయమైంది. యింతకన్నా రుజువు ఏం కావాలి? 2015లో శాంతకుమార్ కమిటీ ఏం చెప్పింది? రైతుల్లో నూటికి ఆరుగురికే మద్దతు ధర అందుతున్నదని చెప్పి, అందరికీ అందించమనలేదు. పైగా ఆహార చట్టం కింద నూటికి 67 మందికి యిచ్చే రేషన్‌ను 40 మందికి కుదించమన్నది. రెండు కొసలూ ఒకేసారి కోయాలనే సలహా అది. 2020 వ్యవసాయ చట్టాలు అదే దారిలో వచ్చాయి. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదిపాటు రైతులు కూర్చుంటే 2021 నవంబరులో వెనక్కి పోయాయి.

రైతుకు ధర పెరిగితే కూలీకి నష్టం కదా అని మన వాళ్ళే అడుగుతున్నారు. రేషన్ సరిగా వున్నచోట ఆ నష్టం రాదు. పైగా మనలో చాలామంది రెండూ. ఎకరమో రెండెకరాలో కౌలు చేస్తాం, మిగతా రోజులు కూలికి పోతాం. కౌలుదారుకు పాసుపుస్తకం లేదు గనక కేంద్రంలో వడ్లు పట్టాదారు పేరు మీద పోతాయి, లేదా దళారి కాటా మీద పోతాయి. కేంద్రానికి చేరినా తరుగు పేరుతో బస్తాకు యిన్ని కిలోలని కోత. రైతు నష్టపోయిన ఆ కిలోలు చౌకగా మన యింటికి వచ్చాయా? రాలేదు. రైతుకూ కూలీకీ తగువు పెట్టి మధ్యలో తినేవాడు తింటున్నాడు.

2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం యిస్తున్నారు. మంచిదే. అడిగి, కొట్లాడి తెచ్చుకున్నవాళ్ళం గనక మంచిదని చెప్పటానికి మనకు మొహమాటం లేదు. కానీ ఆరు కిలోలు నెలంతా చెమటోడ్చే మనిషికి సరిపోవు. పప్పూ నూనే బజారు ధరకే. ఎక్కడి కార్డు మీదైనా ఎక్కడైనా రేషన్ అన్న పద్ధతి 2019 ఆగస్టులో మొట్టమొదట మొదలైన రాష్ట్రాల్లో మనవి రెండూ వున్నాయి. బీహారు కూలీకి కూడా ఆ హక్కు వుంది. ఆ సంగతి అతనికి చెప్పవలసింది మనమే.

అందుకని మనం అడగవలసినవి యివి. మద్దతు ధరకు చట్టబద్ధత కావాలి. కౌలుదారు పేరు మీదనే కాటా వెయ్యాలి, తరుగు ఆపాలి. రేషన్‌లో బియ్యంతో పాటు గోధుమ పిండి, జొన్నలు, పప్పు, నూనె యివ్వాలి. ప్రభుత్వ గోదాముల్లోని గింజ ముందు రేషన్ షాపుకు రావాలి, మిగిలితేనే ఫ్యాక్టరీకి పోవాలి. ధర పెరిగిన నెలలోనే వ్యాపారి నిల్వలు తనిఖీ చెయ్యాలి, ఏడాది తర్వాత కాదు. ధరలతో పాటు కనీస కూలి పెరగాలి.

వచ్చే యాసంగి కోతల లోపల ప్రతి వూళ్ళో యీ కోర్కెలు చదివి వినిపించండి. శంషాబాద్ చుట్టూ వున్న అడ్డాల మీద తెలుగులోనే కాదు, హిందీలో కూడా చెప్పండి. కొనుగోలు కేంద్రం దగ్గర రైతు నిలబడిన రోజు కూలీ పక్కన నిలబడాలి. రేషన్ షాపు దగ్గర కూలీ నిలబడిన రోజు రైతు రావాలి. యిద్దరూ కలవనంత కాలం గింజ మీద పెత్తనం మూడోవాడిదే.