కాటా ఎవరిది, పాస్‌వర్డ్ ఎవరిది? ఆన్‌లైన్ వ్యాపారం చదివే మన పిల్లలకి ఒక మాట

పాడేరు, భద్రాచలం, ఉట్నూరు, రంపచోడవరం... ఏ ఊరి డిగ్రీ కాలేజీ గేటు దగ్గర నిలబడి అడిగినా మన పిల్లలు చెప్పే కోర్సుల్లో బీకాం కంప్యూటర్స్ తప్పకుండా ఉంటుంది. డిగ్రీ అయ్యాక ఏం చేస్తావు తమ్ముడూ అంటే రెండు జవాబులొస్తాయి. గ్రూప్స్‌కో కానిస్టేబుల్‌కో ప్రిపేర్ అవుతా అనేది పాతది. ఈమధ్య ఎక్కువగా వినబడేది రెండోది: "ఆన్‌లైన్‌లో ఏదైనా చేస్తా అన్నా." ఆ ఏదైనా అంటే ఏంటో కాలేజీ చెప్పదు, ఐటీడీఏ చెప్పదు. ఫోన్లో వచ్చే ప్రకటన మాత్రం చెబుతుంది. మూడు నెలల్లో డిజిటల్ మార్కెటింగ్ నేర్పిస్తాం, ఉద్యోగం గ్యారంటీ, ముందు ఫీజు కట్టు అని. ఉద్యోగం ఇస్తానంటూ ముందు డబ్బులు అడిగేవాడు ఎవడైనా సరే, అనుమానించండి. అమీర్‌పేట హాస్టల్ అద్దె కట్టడానికి ఇంట్లో మేకలు అమ్ముకునే పరిస్థితి మనకి రాకూడదు.

పిల్లలు ఇటు చూడటానికి కారణం ఉంది. 2000 జనవరిలో వచ్చిన జీవో నెంబర్ 3 షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇచ్చింది. బీఎడ్ చేస్తే సొంత ప్రాంతంలోనే టీచర్ అవ్వొచ్చు అనే నమ్మకం ఇరవై ఏళ్లు మన ఇళ్లల్లో చదువుని నిలబెట్టింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ దారి మూసుకుపోయిన చోటికి ఇవాళ ఆన్‌లైన్ అనే మాట వచ్చి కూర్చుంది. అందుకే ముందే ఒకటి స్పష్టంగా చెబుతున్నాం. జీవో 3 స్థానంలో చట్టం కావాలనే డిమాండ్‌ని పక్కనపెట్టి "మీరంతా స్టార్టప్‌లు పెట్టుకోండి" అని ఎవరైనా మనకి ఉపదేశం చేస్తే ఒప్పుకునేది లేదు. స్థానిక ఉద్యోగాల పోరాటం అలాగే ఉంటుంది. అది సాగుతుండగానే వ్యాపారంలోకీ, టెక్నాలజీలోకీ కూడా మనం పోవాలి. ఎట్లా పోవాలన్నదే ఇక్కడ మాట్లాడుకోవాల్సింది.

పాత సంగతి ఒకసారి గుర్తు చేసుకుందాం. సంతలో కాటా షావుకారి చేతిలో ఉండేది. మనం మోసుకెళ్లిన చింతపండు ఎంత తూగిందో ఆయనే చెప్పేవాడు. ధర ఆయనే చెప్పేవాడు. పాత బాకీ కింద ఎంత పోయిందో కూడా ఆయనే చెప్పేవాడు. మన తాత కాగితం మీద వేలిముద్ర వేసి, ఉప్పూ గుడ్డా పట్టుకుని కొండెక్కేవాడు. ఆ దోపిడీని అడ్డుకోవడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. జీసీసీ డిపోల మీద మనకి ఫిర్యాదులు లేవా అంటే బోలెడున్నాయి, అవి ఇంకోరోజు రాస్తాం. కానీ ప్రభుత్వ కాటా అనేది ఒకటి సంతలోకి రావడమే షావుకారికి అప్పట్లో పెద్ద దెబ్బ.

ఇప్పుడు కాటా ఫోన్లోకి వచ్చింది. సెల్లర్ అకౌంట్ ఎవరి ఆధార్ మీద తెరిచారు, ఓటీపీ ఏ నెంబరుకి వస్తుంది, డబ్బులు ఏ ఖాతాలో పడతాయి, కొన్నవాళ్ల నెంబర్లు ఎవరి దగ్గరున్నాయి... ఇవన్నీ ఎవరి చేతిలో ఉంటే ధర కూడా వాళ్ల చేతిలోనే ఉంటుంది. "ట్రైబల్ హనీ", "ఫారెస్ట్ హనీ" అని ఒకసారి వెతికి చూడండి. సీసాల మీద అడవి బొమ్మలు, పచ్చబొట్లున్న అవ్వల ముఖాలు కనబడతాయి. వాటిలో ఎన్ని కంపెనీలకి మనవాళ్లు యజమానులు? అవ్వ ముఖం బ్రాండ్ అయింది. అవ్వకి దక్కేది మాత్రం తేనె తీసిన కూలే.

మన ఊరి కుర్రాడే అమ్మితే బాగుంటుంది కదా అంటారు. కొంతవరకు బాగుంటుంది. కానీ లెక్క వేసి చూద్దాం, ఇది కేవలం ఉదాహరణ. అరకేజీ తేనె సీసా ఆన్‌లైన్‌లో 300 రూపాయలకి పెట్టాడనుకుందాం. అమ్మే సైటు కమీషన్, దాని మీద పన్ను కలిపి 45 పోయాయి. కొండ మీద నుంచి కొరియర్‌కి 80. సీసా, లేబుల్, అట్టపెట్టె, పగలకుండా చుట్టే కవరు కలిపి 40. దారిలో పగిలినవి, వెనక్కి వచ్చినవి లెక్కేసుకుంటే సీసాకి 20. మిగిలింది 115. తేనె తీసినవాళ్లకి అందులో 100 ఇస్తే కుర్రాడికి మిగిలేది 15 రూపాయలు. నెలకి యాభై సీసాలు అమ్మితే 750. ఫోన్ రీఛార్జికి, సంతకి వెళ్లే జీపు చార్జీకి సరిపోతుంది. ఇక్కడే తప్పు దారి మొదలవుతుంది. కమీషన్ తగ్గించమని సైటుని అడగలేడు, కొరియర్ వాడిని అడగలేడు. అడగగలిగేది ఒక్కరినే, తేనె తెచ్చిన మామని. "మామా, ఈసారి 70కే ఇవ్వు" అంటాడు. మంచి మనసున్న పిల్లాడే, కానీ లెక్క అతన్ని షావుకారి కుర్చీలోకి తోస్తుంది.

అదే మూడొందల కుటుంబాల సరుకు ఒకచోట చేరితే లెక్క మారుతుంది. సీసాలు వేలల్లో కొంటే చవక. పెట్టెలన్నీ కట్టి ఆర్టీసీ కార్గోలో విశాఖకో హైదరాబాద్‌కో ఒకేసారి పంపొచ్చు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలే వాటిని అందుకుని, ఆర్డర్ల వారీగా విడదీసి పంపితే కొండ మీద నుంచి ఒక్కో సీసాకి కొరియర్ కట్టే బాధ తప్పుతుంది. పట్నంలో ఉన్న విద్యార్థి, ఊళ్లో ఉన్న విద్యార్థి, తేనె తీసే మామ ఒక గొలుసులో ఉంటారు. సంఘం అంటే మీటింగుల్లో చప్పట్లు కొట్టడం ఒక్కటే కాదు కదా, ఇలాంటి పని కూడా.

2018లో మొదలైన వన్‌ధన్ పథకం లెక్క ఇదే. పదిహేను స్వయం సహాయక సంఘాలు, ఒక్కోదాంట్లో ఇరవై మంది దాకా, మొత్తం 300 మందికి ఒక వన్‌ధన్ వికాస కేంద్రం, దానికి 15 లక్షల వరకు నిధులు. కాగితం మీద బాగుంది. మీ మండలంలో కేంద్రం ఉంటే వెళ్లి చూడండి. బోర్డు ఉంటుంది, మిషన్ కూడా ఉండొచ్చు. ఆర్డర్ తెచ్చేది ఎవరు, లెక్క రాసేది ఎవరు అని అడగండి. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే అది బీకాం కంప్యూటర్స్ చదివిన మన చెల్లెలిది.

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకి పని తక్కువేం ఉండదు. తేనె, చింతపండు, రాగిపిండి తినే వస్తువులు, కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ నెంబర్ లేకుండా అమ్మకూడదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. అయినా దానికి వేలు వసూలు చేసే ఏజెంట్లున్నారు, ఒక్క రూపాయి ఇవ్వొద్దు. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తాము కొనేదాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొనాలని నియమం. అందులో భాగంగానే 4 శాతం ఎస్సీ, ఎస్టీలు యజమానులుగా ఉన్న సంస్థల నుంచి కొనాలి. ఈ వాటా అందుకోవాలంటే మన సంఘం ఏ రూపంలో ఉండాలి? మ్యాక్స్ సొసైటీగానా, ఉత్పత్తిదారుల కంపెనీగానా? ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో ఎట్లా నమోదు అవ్వాలి? కామర్స్ పుస్తకంలో చదివింది ఇక్కడ పనికొస్తుంది. పరీక్షలో రాయడానికి మాత్రమే చదివామనుకుంటే ఆ చదువు వృథా.

చట్టం కూడా తెలియాలి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద మనకి యాజమాన్య హక్కు ఇచ్చింది. సేకరించడం, వాడుకోవడం, అమ్ముకోవడం అన్నీ అందులో ఉన్నాయి. 2012లో సవరించిన నియమాల ప్రకారం రవాణా పర్మిట్ ఇవ్వాల్సింది గ్రామసభ వేసుకున్న కమిటీ, లేదా గ్రామసభ అధికారం ఇచ్చిన మనిషి. మరి చెక్‌పోస్టు దగ్గర పార్సిల్ ఆపితే ఏం చూపిస్తావు తమ్ముడూ? గ్రామసభ ముద్ర ఉన్న పర్మిట్, సామూహిక హక్కు పత్రం నకలు పెట్టెతోపాటు పోవాలి. ఆన్‌లైన్ వ్యాపారం నేర్పే ఏ యూట్యూబ్ ఛానల్‌లోనూ ఈ పాఠం ఉండదు.

ఇక సిగ్నల్. 2022 జూలైలో కేంద్ర కేబినెట్ 24,680 గ్రామాలకి 4జీ ఇస్తామని 26,316 కోట్లు మంజూరు చేసింది. మంజూరు వేరు, కొండ మీద సిగ్నల్ వేరు. ఓటీపీ కోసం గట్టెక్కి, అది చదువుకుని కిందకి వచ్చేలోపు దాని టైం అయిపోయే ఊళ్లలో సెల్లర్ అకౌంట్ ఎట్లా నడుస్తుంది? టవర్ పని చేస్తోందా లేదా అన్నది కంపెనీ రిపోర్టు చూసి తేల్చకూడదు, గ్రామసభ తీర్మానం చూసి తేల్చాలి. పదిహేను రోజులకోసారి ఆగిపోయే టవర్‌ని పూర్తయిన టవర్ కింద లెక్క కట్టనివ్వొద్దు.

సరుకు అమ్మడం ఒక్కటే దారి అని కూడా అనుకోవద్దు. 2024 జనవరి నుంచి ఉపాధి హామీ కూలి ఆధార్ ఆధారంగానే పడుతోంది. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా, బ్యాంకు లింకు తెగినా కూలి ఆగిపోతుంది. ఆ ముడి విప్పడం తెలిసిన పిల్ల ఊళ్లో సర్వీస్ సెంటర్ నడిపితే పట్నం ఉద్యోగానికి తీసిపోదు. కానీ అదే సెంటర్‌లో ఒక ప్రమాదం ఉంది. వేలిముద్ర పెట్టించుకుని రెండు వేలు తీసి, వెయ్యి చేతిలో పెట్టే మోసం. తాత షావుకారి కాగితం మీద వేసిన ముద్రకీ దీనికీ తేడా ఏముంది? రసీదు ఇవ్వాలి, మొత్తం పైకి చదివి మన భాషలో చెప్పాలి. ఈ రెండూ చేయని సెంటర్ మనవాడిదైనా సరే నిలదీయాలి.

ఇంకో దారి మన భాషలది. ఆదిలాబాద్ ప్రాంతపు గుంజాల ఊళ్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ఆ అక్షరాలు ఏ కంప్యూటర్‌లోనైనా కనబడేందుకు పునాది పడింది. దాని మీద ఫాంట్లు, కీబోర్డులు, నిఘంటువులు, పిల్లల యాప్‌లు కట్టడం ఇంకా మిగిలిన పని. 2025లో కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ తెచ్చిన ఆది వాణి అనువాద యాప్‌లో గోండి ఉంది. కోయ, కువి, సవర మాట్లాడే పిల్లలు కోడింగ్ నేర్చుకుంటే రేపు ఈ పనిలో వాళ్లని మించినవాళ్లు ఎవరుంటారు? నేర్చుకోకపోతే మన మాటకి స్పెల్లింగ్ కూడా బయటివాళ్లే పెడతారు. కృత్రిమ మేధ కోసం మన గొంతులు రికార్డు చేసుకోవడానికి ఊళ్లకి వచ్చేవాళ్లు ఉంటారు. గంటకి ఎంత ఇస్తారు, ఆ రికార్డింగ్ ఎవరి సొత్తు, అవ్వ పాడిన పెళ్లిపాట రేపు ఎక్కడ వినబడుతుంది అని రికార్డింగ్‌కి ముందే గ్రామసభలో అడగాలి.

చదువు విషయంలో ఒక దారి మాత్రం గట్టిగా చెబుతాం. ఐఐటీ మద్రాస్ 2020 నుంచి డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ డిగ్రీ నడుపుతోంది. జేఈఈ లేకుండానే, నాలుగు వారాల పాఠాలు చదివి అర్హత పరీక్ష పాసైతే చేరొచ్చు. ఎస్టీ విద్యార్థులకి, ఆదాయాన్ని బట్టి, ఫీజులో పెద్ద రాయితీ ఉంది. పాఠాలు ఇంట్లో వినొచ్చు కానీ పరీక్షలు మాత్రం సెంటర్‌కి వెళ్లి రాయాలి. బస్సు చార్జీ, ఒక రాత్రి బస, ల్యాప్‌టాప్... మనవాళ్లు ఆగిపోయేది ఈ మూడింటి దగ్గర. ఐటీడీఏలు ఈ ఖర్చు భరించాలి. ట్రైబల్ వెల్ఫేర్ డిగ్రీ కాలేజీల ల్యాబ్‌లు సాయంత్రం తాళాలు వేయకుండా ఈ పిల్లలకి తెరిచి ఉంచాలి. జీసీసీ సరుకు ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి పనికీ, ఫోటో తీయడం దగ్గర నుంచి ఖాతాలు రాయడం దాకా, ఏజెన్సీలో చదివిన పిల్లల్ని జీతమిచ్చి అప్రెంటిస్‌లుగా తీసుకోవాలి.

సంఘాల పెద్దలకి కూడా ఒక మాట. అకౌంట్ సంఘం పేరు మీద ఉండాలి, ఓటీపీ సంఘం ఫోన్‌కి రావాలి, పాస్‌వర్డ్ కనీసం ముగ్గురికి తెలియాలి, అందులో ఇద్దరు ఆడవాళ్లు అయితే మంచిది. అమ్మకాల లెక్క నెలకోసారి గ్రామసభలో చదివి వినిపించాలి. ఇవన్నీ పిల్లల్ని అడిగే హక్కు మనకుంది. కానీ "మన పిల్లాడే కదా, సేవ చేస్తాడులే" అని ఆరు నెలలు ఉచితంగా చేయించుకుంటే ఏడో నెలలో హైదరాబాద్ బస్సెక్కుతాడు, తప్పు అతనిది కాదు. పని మొదలుపెట్టిన రోజే జీతం ఎంతో మాట్లాడి, సంఘం మినిట్స్ పుస్తకంలో రాసి, సంతకాలు పెట్టండి.