చలిజ్వరమునకు టీకా ఏది?



మాచర్ల వైపు ఒక పల్లెలో గృహదర్శనమునకు వెళ్లినప్పుడు ఒక తల్లి మమ్మును నిలదీసి అడిగినది. "అయ్యగారూ, తట్టుకు టీకా ఉంది, పోలియోకు చుక్కలున్నాయి. ఈ చలిజ్వరానికి ఎందుకు లేదు?" ఆమె కుమారుడు రెండవసారి మంచమెక్కి వణకుచుండెను. ప్రార్థన చేసి వచ్చితిమేగాని జవాబు చెప్పలేకపోయితిమి. తరువాత చదివి తెలిసికొన్నది వ్రాయుచున్నాము.

మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ చూచినది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టులో. టీకాకు మాత్రము నూరేండ్లు దాటినవి. తట్టు క్రిమికి పదిలోపు జన్యువులుండగా దీనికి 5,000కు పైబడి యున్నవి. పైగా కాలేయములో ఒక వేషము, రక్తములో మరియొకటి.

డీఎన్ఏ టీకా అను మాట మీరు వినియుందురు. ఇతర టీకాలు పెక్కింటిలో బలహీనపరచిన క్రిమినో, చంపిన క్రిమినో, దాని ముక్కనో ఎక్కించెదరు. ఇందులో ఆ ముక్కను తయారుచేయు విధము వ్రాసిన జన్యువును మాత్రమే ఎక్కించెదరు. కూర పంపక, వండు విధము చీటీ వ్రాసి పంపినట్లన్నమాట! మన కణములే చదివి వండుకొనును. దేహములోని కావలి కణములు దానిని చూచి శత్రువును గుర్తుపెట్టుకొనును. 1998లో అమెరికాలో 20 మందికి ఇట్టి మలేరియా టీకా వేసిన ఫలితములు వెలువడినవి. రోగకణములను చంపు కణములు పుట్టినవి గాని, రక్తములో ప్రతిరక్షకములు పుట్టలేదు. సగము పనియే. అయినను ఆ పద్ధతి వృథా కాలేదు. 2021లో కోవిడ్‌కు మన దేశములో అనుమతి పొందిన జైకోవ్-డి డీఎన్ఏ టీకాయే.

మలేరియాకు ముందుగా గెలిచినది ముక్క టీకాయే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆర్‌టీఎస్,ఎస్‌ను, 2023లో పూణే సీరం సంస్థ చేయు ఆర్21ను సిఫారసు చేసినది. మొదటిదాని తయారీ విధానమును హైదరాబాదు భారత్ బయోటెక్‌కు అప్పగించుటకు 2021లో ఒప్పందమైనది. ఇవి ముఖ్యముగా ఆఫ్రికా పిల్లల కొరకు. ఫాల్సిపారమ్ జాతిని ఎదిరించునేగాని, మన దేశములో విస్తారముగానున్న వైవాక్స్‌ను కాదు.

వైవాక్స్ కాలేయములో దాగి, నెలల తరువాత మరల లేచును. అందుకే రక్తపరీక్ష చేసి 14 దినముల ప్రైమాక్విన్ ఇచ్చెదరు.

ఇది చదివిన పిమ్మట మరల ఆ యింటికి వెళ్లి, మొదటనే అడుగవలసిన ప్రశ్న అడిగితిమి: మాత్రలన్నీ వేసితివా అమ్మా? ఆమె లేచి, గూటిలోని బిస్కెట్ డబ్బా మూత తీసి చూపినది. నాలుగవనాడు జ్వరము తగ్గగానే, మరల వచ్చినప్పుడు పనికివచ్చునని మిగిలిన మాత్రలు దాచినదట.