విదేశపు వేలమునకు పైకము పంపుట

లండనులో వేలమునకు వచ్చిన నాణెమును రాజమహేంద్రవరమున నింట కూర్చుండియే అంతర్జాలమున పాడి కొనుట నేడు వింత కాదు. తూర్పు ఇండియా కంపెనీవారు చెన్నపట్టణమున 1807-08 ప్రాంతమున ముద్రించిన వెండి పణములపై తెలుగు లిపి కలదు. మా మిత్రులొకరు గడచిన యేట అట్టి పణము నొకదానిని పాడి గెలిచిరి. గెలుచుటకు రెండు నిముషములు పట్టినది. పైకము చేర్చుటకు ఐదు వారములు పట్టినది. విదేశమున వస్తువు కొనుటయే తప్పనువారితో నిచ్చట మాకు వాదము లేదు. మన లిపి గల నాణెము మన యింటికి మరలి వచ్చుటలో తప్పేమున్నది?

వేలశాలవారు బ్యాంకు ద్వారా మాత్రమే పైకము పుచ్చుకొందుమనిరి. మా మిత్రులు బ్యాంకున కేగి, కాగితములన్నియు నింపి, పట్టీలోని మొత్తమంతయు చెల్లించిరి. పది దినములకు వేలశాలనుండి జాబు వచ్చినది: పదునెనిమిది పౌనులు తక్కువైనవి, అవి చేరువరకు నాణెము పంపము అని.

ఆ పౌనులేమైనవి? స్విఫ్టు అను సంస్థ 1973లో బెల్జియములో స్థాపితమైనది. అది బ్యాంకులకు నడుమ వార్తలు మోయునేగాని ధనమును మోయదు. మన బ్యాంకునకు అవతలి బ్యాంకుతో నేరుగా ఖాతా లేనిచో నడుమ మరియొక బ్యాంకు ప్రవేశించి, తన కూలిని ఆ పైకమునుండియే కోసికొనును. కూలి యెవరు భరింపవలెనో తెలుపుటకు కాగితములో మూడు దారులున్నవి: పంపువాడు, పుచ్చుకొనువాడు, లేక ఇరువురును. గుమాస్తా అడుగకయే ‘ఇరువురును’ అనుచోట గురుతు పెట్టినాడు. పదునెనిమిది పౌనులను మరల పంపవలెనన్న, అందుకగు ఖర్చు పదునెనిమిది పౌనులను మించునట! మారకపు ధరలో బ్యాంకు మిగుల్చుకొనిన లాభము వేరు. అది రసీదులో నెచ్చటను కానరాదు. వెనుకటి హుండీ షావుకారు తన వట్టమింతయని ముందుగనే చెప్పెడివాడు.

ఇది చిన్న నష్టము. పెద్ద భయము వేరొకటి కలదు. వేలశాల పేరిట దొంగ జాబు వ్రాసి, ఖాతా సంఖ్య మాత్రము మార్చి పంపు మోసగాండ్రు కలరు. బ్రిటనులోని 2017 నాటి చెల్లింపు నియమముల ప్రకారము, ఇచ్చిన ఖాతా సంఖ్యకు జమకట్టిన బ్యాంకు తన విధిని సరిగా నెరవేర్చినట్లే. పేరు కలియలేదన్న వాదము నిలువదు. కార్డుతో చెల్లించినవాడు సరకు రాకున్న తన బ్యాంకునకు ఫిర్యాదుచేసి పైకము రాబట్టుకొన యత్నింపవచ్చును; ఖాతానుండి ఖాతాకు పోయిన పైకమునకు, అవతలివాడు తీసికొనిన పిమ్మట, అట్టి మార్గము లేదనియే చెప్పవలెను. కనుక ముక్కు మొగము తెలియని యమ్మకందారునకు ఈ రీతిని పంపరాదని మా యభిప్రాయము. పేరు గల వేలశాలకైనను, జాబులోని సంఖ్యను నమ్మక, వారి ముద్రిత జాబితాలోని టెలిఫోనుకు మాటాడి సరిచూచుకొనవలెను.

అయినను భారమంతయు కొనువానిపై వేయుట న్యాయము కాదు. రిజర్వు బ్యాంకు ఉత్తరువు ననుసరించి 2025 ఏప్రిలు నుండి దేశములోపలి బదిలీలకు, పైకము పంపకముందే ఖాతాదారుని పేరు చూపు ఏర్పాటు వచ్చినది. సముద్రము దాటు పైకమునకును అట్టి ఏర్పాటు కావలెను. అవతల ఎంత చేరునో, ఇవతల మొత్తము ఎన్ని రూపాయలగునో సంతకమునకు ముందే వ్రాసి యిచ్చుట బ్యాంకునకు విధి కావలెను. న్యాయవాదులమైన మేమే ఆ కాగితమును రెండుమారులు చదివి యర్థము చేసికొంటిమి. సామాన్యుని గతి యేమి?

మా మిత్రుల పదునెనిమిది పౌనులను తుదకు లండనులో చదువుకొనుచున్న వారి మేనల్లుడు చెల్లించినాడు. ఆ కూలి ఏ బ్యాంకు కోసికొనినదో తెలుపుడని మేము వ్రాసిన జాబునకు ఇంకను ప్రత్యుత్తరము రాలేదు.