కదలికే కబురు

నెలలు నిండిన గర్భిణి సాయంత్రం పనులు ముగించుకుని కూర్చున్నాక, పొద్దున్నుంచీ కడుపులో బిడ్డ సరిగా కదల్లేదని గుర్తొస్తుంది. ఆ మాట పైకి అనగానే చాలా ఇళ్లలో సిద్ధంగా ఉండే జవాబు ఒకటే: ''నెలలు నిండాయి కదమ్మా, లోపల చోటు చాలక మెదలడం లేదు.'' చల్లటి నీళ్లో, కాస్త తీపో ఇచ్చి తెల్లారాక చూద్దామంటారు. ఈ ఓదార్పులో నిజం లేదు. కాన్పు దగ్గరపడేకొద్దీ తన్నులకు బదులు దొర్లినట్టు, ఒత్తినట్టు అనిపించవచ్చు. అంతేతప్ప కదలికలు తగ్గిపోకూడదు. నొప్పులు మొదలయ్యేదాకా బిడ్డ కదులుతూనే ఉండాలి.

మాయ నుంచి అందే ఆక్సిజన్ తగ్గితే బిడ్డ ఉన్నదాన్ని గుండెకు, మెదడుకు మిగుల్చుకుంటుంది. ఆ పొదుపులో ముందుగా కోత పడేది కాళ్లూ చేతుల ఆటకే. అందుకే కదలిక తగ్గడం ఒక్కోసారి తొలి హెచ్చరిక. ప్రతిసారీ కాదు. కడుపులో బిడ్డ ఒక్కో నిద్ర సాధారణంగా 20 నుంచి 40 నిమిషాలు, 90 నిమిషాలు దాటడం అరుదు. పనిలో మునిగిన తల్లి కదలికలను గమనించకపోవచ్చు. ఆస్పత్రికి వచ్చినవారిలో ఎక్కువమందికి ఏ లోపమూ కనిపించదు. కానీ ఆ సంగతి తేలాల్సింది ఆస్పత్రిలోనే.

బ్రిటన్‌లోని రాయల్ కాలేజీ ప్రసూతి వైద్యులు 2011లో ఇచ్చిన సలహా తేలికైనదే. 28 వారాలు దాటాక అనుమానం వస్తే ఎడమవైపు తిరిగి పడుకుని 2 గంటలు కదలికల మీదే దృష్టి పెట్టాలి. పది కూడా లేకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అయితే అంకె కన్నా అలవాటు ముఖ్యం. రోజూ గంతులేసే బిడ్డ మందకొడిగా మారితే, పది లెక్క పూర్తయినా చూపించుకోవాల్సిందే. అసలు కదలికే లేకపోతే లెక్కపెడుతూ కూర్చోకూడదు.

ఆస్పత్రిలో ముందు గుండె చప్పుడు వింటారు. తర్వాత నాన్‌స్ట్రెస్ టెస్ట్. పొట్టకు బెల్టులు కట్టి బిడ్డ గుండె వేగాన్ని కాగితంపై గీయిస్తారు. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉంటూ, 20 నిమిషాల్లో కనీసం రెండుసార్లు 15 చొప్పున పెరిగి 15 సెకన్లు నిలిస్తే ఊరటే. బిడ్డ నిద్రలో ఉంటే 40 నిమిషాలదాకా చూస్తారు. సందేహం మిగిలితే స్కానింగ్‌లో బిడ్డ ఎదుగుదల, ఉమ్మనీరు, అవసరమైతే డాప్లర్‌తో బొడ్డుతాడులో రక్తప్రవాహం పరిశీలిస్తారు. బయోఫిజికల్ ప్రొఫైల్ అనే పరీక్షలో పదికి 8 వస్తే సాధారణంగా నిశ్చింత, 4 లేదా అంతకన్నా తక్కువైతే ప్రమాద సూచన. ఏ పరీక్షయినా చెప్పేది ఆనాటి సంగతే. రెండ్రోజుల తర్వాత మళ్లీ తగ్గితే మళ్లీ వెళ్లాలి.

అలాగని కదలిక తగ్గిందనగానే కత్తి పట్టడమూ పరిష్కారం కాదు. బ్రిటన్, ఐర్లండ్‌లలోని 33 ఆస్పత్రుల్లో 4 లక్షల పైచిలుకు కాన్పులపై జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, తల్లులకు అవగాహన కల్పించి, ఫిర్యాదు వస్తే ఒక పద్ధతి ప్రకారం చూసినా మృత శిశు జననాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. సిజేరియన్లు మాత్రం పెరిగాయి. తల్లి మాట పరీక్షకు కారణం కావాలి, ఆపరేషన్‌కు సాకు కాకూడదు.

ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం 2019లో భారత్‌లో సుమారు 3.4 లక్షల మంది బిడ్డలు ప్రాణం లేకుండా పుట్టారు. ప్రపంచంలో ఇదే అత్యధికం. 2030కల్లా వెయ్యి కాన్పులకు పదిలోపుకు తేవాలన్నది 2014 నాటి జాతీయ లక్ష్యం. ప్రతి నెలా 9న గర్భిణులకు ఉచిత పరీక్షలు చేసే పథకం 2016లో మొదలైంది. కానీ తగ్గిన కదలిక 9వ తేదీదాకా ఆగదు. కాన్పుకు పుట్టింటికి వెళ్లేటప్పుడు పాత స్కానింగ్ రిపోర్టులు వెంట ఉంచుకోవాలి. రాత్రివేళ కూడా పరీక్ష చేసే ఆస్పత్రి దగ్గర్లో ఎక్కడుందో ముందే తెలుసుకోవాలి.

అన్నీ బాగున్నాయని తేలి ఇంటికొచ్చిన గర్భిణికి ''అనవసరంగా కంగారుపడ్డావు'' అన్న మాట ఎదురుకాకూడదు. ఆ మాటే రెండోసారి ఆమె నోరు నొక్కేస్తుంది. లోపలి బిడ్డ తరఫున కబురు చెప్పగలిగేది ఆమె ఒక్కతే.