అడుగనిదే అమ్మయినను పెట్టదు

బి. మల్లాపురమందును, బొమ్మిడి చుట్టుపట్ల గ్రామములందును తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములవారికి ఒక మాట విన్నవించుచున్నాము. మన యిండ్లలో మాట తెలుగే. మన బిడ్డల వ్రాత మాత్రము తెలుగు కాదు. ఇందులకు నేరమంతయు ప్రభుత్వముపై మోపుట న్యాయము కాదు.

2006 నాటి తమిళ అభ్యసన చట్టము పదవ తరగతివరకు తమిళమును మొదటి భాగమున నిర్బంధము చేసినది. మాతృభాష వేరైనవారు దానిని నాల్గవ భాగమున ఐచ్ఛికముగా చదువుకొను వీలును ఆ చట్టముననే కలదు. తమిళము నేర్చుటకు మేము విముఖులము కాము. అది మనకు అన్నము పెట్టుచున్న నేల భాష. మేము అడుగునది పై తరగతుల సంగతి.

ప్లస్ టూలో తమిళముపై మక్కువగల విద్యార్థికి మొదటి భాగపు తమిళము గాక, అడ్వాన్స్‌డు తమిళమను ప్రత్యేక విషయము కూడ కలదు. చరిత్రవలె, అర్థశాస్త్రమువలె అదియు ఒక పూర్తి విషయము. తెలుగునకు ప్లస్ టూలో మొదటి భాగమున చోటున్నను మనవారు దానిని కోరుట లేదు. ఉన్నదానిని విడిచి, అడ్వాన్స్‌డు తెలుగు కావలెనని ఏ ముఖముతో అడుగగలము?

“తెలుగు తీసికొనినచో మార్కులు తగ్గును, ఇంజనీరింగు సీటు పోవును” అని కొందరు తండ్రులు అనుచున్నారు. ఇది వట్టి భ్రమ. తమిళనాట ఇంజనీరింగు ప్రవేశమునకు లెక్కింపబడునవి గణిత, భౌతిక, రసాయన శాస్త్రముల మార్కులు. వైద్యమునకు నీట్ పరీక్ష. ఏ భాష మార్కులును ఆ లెక్కలోనికి రావు. రాని నష్టమునకు వెఱచి ఉన్న ఆస్తిని వదలుకొను వర్తకుడుండునా?

ఆంధ్ర, తెలంగాణములలో సైతము ఇంటర్మీడియెట్ విద్యార్థులు పలువురు మార్కుల ఆశతో తెలుగును విడిచి సంస్కృతము తీసికొనుచున్నారు. వారి చుట్టును తెలుగు బోర్డులు, తెలుగు పత్రికలు గలవు. మన బిడ్డలకు బడి తప్ప వేఱు దారి లేదు. మద్రాసు విశ్వవిద్యాలయమున తెలుగు శాఖ యున్నది. ఉన్నత పాఠశాలలో తెలుగు చదువని బిడ్డ ఆ గడప యెట్లు త్రొక్కును?

1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350ఎ అధికరణము మాతృభాషా బోధన సౌకర్యమును ప్రాథమిక దశకే చెప్పినది. ఆపై చదువునకు మన పట్టుదలయే ఆధారము. 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు స్వంత విద్యాసంస్థలు నెలకొల్పుకొను హక్కు నిచ్చియున్నది. హక్కు కాగితముమీద నున్నంతమాత్రమున పంతులు రాడు.

కొనువాడు లేని సరుకును ఏ దుకాణదారుడును తెప్పింపడు. పదిమంది అడిగిననాడు మఱునాడే మూట దిగును. కావున ప్రవేశముల వేళ ప్రతి తండ్రియు తన బిడ్డకు తెలుగు కావలెనని ప్రధానోపాధ్యాయునకు వ్రాతమూలముగా తెలుపవలెను. నకలొకటి మన సంఘమున కీయవలెను. ఆ కాగితముల కట్ట చేతబట్టుకొనియే మేము అధికారులయొద్దకు పోయి, పంతులును, పిదప అడ్వాన్స్‌డు తెలుగును అడుగగలము. వట్టిచేతులతో పోయి యాచింపజాలము.