పల్లె వాటా ఎక్కడ ఆగింది?

మెండోర మండలం పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తితే నీళ్లు ఎటు పోతాయో రైతుకు తెలుసు. అదే రైతు కట్టిన పన్ను ఢిల్లీ దాకా పోయి, ఊరికి ఎంత తిరిగొస్తుందో చెప్పగలిగినవాళ్లు తక్కువ.

పంపకానికి వచ్చే కేంద్ర పన్నుల్లో 2021-26 కాలానికి రాష్ట్రాలకు 41 శాతం ఇవ్వాలన్నది 15వ ఆర్థిక సంఘం. అందులో తెలంగాణ వాటా 2.437 శాతం నుంచి 2.102కు తగ్గింది. సెస్సులు, సర్‌చార్జీలు ఈ పంపకంలోకే రావు. పంచాయతీలకు ఆ సంఘం సిఫారసు చేసిన గ్రాంటులోనూ 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలన్న షరతు ఉండేది.

రాష్ట్రంలో సర్పంచుల పదవీకాలం 2024 జనవరి ఆఖరుతో ముగిసింది. ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. పాలకవర్గాలు లేవని ఈ మధ్యలో కేంద్రం గ్రాంట్లు ఆపింది. ఎన్నికలు జరపనిది ఊరు కాదు. నష్టపోయింది మాత్రం ఊరే.

ఢిల్లీని వాటా అడిగే హక్కు హైదరాబాదుకు ఉంది. పల్లెల వాటా సమయానికి ఇవ్వాల్సిన బాధ్యతా దానిదే. రాజ్యాంగం అయిదేళ్లకోసారి వేయమన్న రాష్ట్ర ఆర్థిక సంఘం అందుకే.

ఈ సంచికలో పంచాయతీ పద్దులు చదివే తీరు వివరించాం. చదివి, వచ్చే గ్రామసభలో లెక్క అడగండి.

— సంపాదకుడు